స్విచ్ ఆన్‌లోనే ఉంది, దాని దగ్గరికి చేరే దారే లేదు: ఒక అవుట్-ఆఫ్-బ్యాండ్ కేస్ స్టడీ

శనివారం అర్ధరాత్రి దాటి 1 గంట 12 నిమిషాలు. హైదరాబాద్ మాధాపూర్‌లోని మా ఆఫీసులో నేనూ, టీంలో కొత్తగా చేరిన ఒక కుర్రాడూ కూర్చుని, నవీ ముంబైలో మేం ర్యాకులు అద్దెకు తీసుకున్న డేటా సెంటర్‌లో కోర్ స్విచ్ (ట్రాఫిక్ మొత్తం కలిసే ప్రధాన స్విచ్) మీద చిన్న మార్పు చేస్తున్నాం. కొత్త సర్వర్ల కోసం 240 నంబరు వీల్యాన్‌ను (ఒకే స్విచ్ మీద విడిగా నడిచే నెట్‌వర్క్) ఫైర్‌వాల్ వైపు వెళ్లే ట్రంక్ (చాలా వీల్యాన్లను మోసే లింక్) మీద కలపాలి, అంతే. ఇలాంటి మార్పులు నేను ఎన్ని వందలు చేశానో లెక్క లేదు.

సిస్కో స్విచ్‌ల మీద పనిచేసినవాళ్లకు ఇప్పటికే అర్థమైపోయి ఉంటుంది. 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 240' అని కొట్టాలి. నేను 'యాడ్' అన్న మాట వదిలేశాను. ఆ ఒక్క మాట లేకపోతే స్విచ్ 240ని పాత జాబితాకు కలపదు, పాత జాబితా మొత్తం తీసేసి 240 ఒక్కదాన్నే ఉంచుతుంది. ఎంటర్ కొట్టాను, కర్సర్ కదల్లేదు. రెండు సెకన్లు నెట్ స్లో అనుకున్నాను. పక్కనుంచి కుర్రాడు "అక్కా, పింగ్ పోయింది. అన్నీ పోయాయి" అన్నాడు.

మా కంపెనీ మందుల దుకాణాలకు, ఆసుపత్రుల ఫార్మసీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతుంది. రాత్రి ఒంటిగంటకు మందులు కొనేవాళ్లెవరు అనుకోవచ్చు, కానీ ఆ టైంలో ఫార్మసీ కౌంటర్ దగ్గర నిలబడేది ఎమర్జెన్సీ వార్డు నుంచి చీటీ పట్టుకుని పరిగెత్తుకొచ్చిన మనిషే. ఆ రాత్రి చాలా చోట్ల కౌంటర్లలో చేత్తో బిల్లులు రాసి మందులిచ్చారు. స్టాక్ ఎక్కడుందో సిస్టమ్‌లో చూడలేక అల్మారాలన్నీ వెతికారు. సేవలు తిరిగి వచ్చేసరికి 4 గంటల 31 నిమిషాలైంది. అంటే 3 గంటల 19 నిమిషాలు. అందులో అసలు రిపేరుకు పట్టాల్సింది ఒక్క నిమిషం లోపే. మిగతా టైం మొత్తం ఆ స్విచ్ దగ్గరికి చేరడానికే సరిపోయింది.

ఈ కేసులో నేను చెప్పాలనుకున్నది ఆ మిగతా టైం గురించే. కమాండ్ తప్పు కొట్టడం ఏ టీంలోనైనా, ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా జరుగుతుంది. తప్పు జరిగాక వెనక్కి వెళ్లే దారి లేకపోవడం మాత్రం డిజైన్‌లో లోపం, అది మేం మూడేళ్లుగా కళ్ల ముందే పెట్టుకుని తిరిగాం.

మా దగ్గర మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ లేదా అంటే, ఉంది

ప్రతి స్విచ్‌కూ ఫైర్‌వాల్‌కూ వేరే మేనేజ్‌మెంట్ పోర్ట్ (పరికరాన్ని సెట్ చేసుకోవడానికి మాత్రమే వాడేది) ఉంది. ఆ పోర్టులన్నీ ఒక చిన్న 24 పోర్టుల స్విచ్‌కు కలిపి ఉన్నాయి. సర్వర్ల ఐడ్రాక్‌లు (సర్వర్‌ను దూరం నుంచి చూసుకోవడానికి దానిలోనే ఉండే చిన్న కంట్రోలర్లు) కూడా దానికే. డయాగ్రామ్‌లో దానికి వేరే రంగు కూడా వేశాం. ఆడిట్ వాళ్లు వచ్చి "మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ వేరుగా ఉందా" అని అడిగితే "ఉంది" అని చెప్పాం, వాళ్లు టిక్కు పెట్టుకుని వెళ్లారు.

ఆ చిన్న స్విచ్ నుంచి బయటికి వెళ్లే కేబుల్ ఎక్కడికి పోతోందో మాత్రం ఎవరూ అడగలేదు. అది కోర్ స్విచ్‌కే పోతోంది. అక్కడి నుంచి వీల్యాన్ 10లో, నేను చెరిపేసిన అదే ట్రంక్ మీదుగా ఫైర్‌వాల్‌కు, ఫైర్‌వాల్ మీదున్న వీపీఎన్ (ఇంటర్నెట్ మీద భద్రమైన దారి) నుంచి మా దగ్గరికి. అంటే మేనేజ్‌మెంట్ పోర్ట్ వేరు, దారి మాత్రం ఒకటే. ఊరికి ఒకటే వంతెన ఉండి అది కూలితే, బాగుచేయాల్సిన మేస్త్రీలు అవతలి ఒడ్డున ఉండిపోయినట్టు అయింది మా పని.

మామూలు ట్రాఫిక్ నడిచే దారిలోనే వెళ్లి పరికరాన్ని చూసుకుంటే అది ఇన్-బ్యాండ్. ట్రాఫిక్ దారి మొత్తం చచ్చిపోయినా పరికరాన్ని చేరగలిగే ఇంకో దారి ఉంటే అది అవుట్-ఆఫ్-బ్యాండ్. ఈ నిర్వచనం అందరికీ తెలుసు, ఇంటర్వ్యూల్లో నేనే అడుగుతాను. కానీ కేబుల్ పట్టుకుని ర్యాక్ నుంచి చివరిదాకా వేలు పెట్టి చూసుకుంటే తప్ప మనకున్నది ఏదో తెలియదు.

ఆ మూడు గంటలు

1:15కి తప్పేంటో నాకు తెలిసిపోయింది. 1:30కి డేటా సెంటర్ వాళ్ల పోర్టల్‌లో రిమోట్ హ్యాండ్స్ (మన తరఫున అక్కడి మనిషి పని చేసిపెట్టే సేవ) టికెట్ పెట్టాం. అరగంట దాకా ఎవరూ కదల్లేదు, ఎందుకంటే మా తరఫున పని చెప్పే అధికారం ఉన్నవాళ్ల జాబితాలో రెండే పేర్లున్నాయి, ఒకరు ఉద్యోగం మానేసి ఏడాదైంది, రెండోది మా మేనేజర్, ఆయన ఫోన్ సైలెంట్‌లో ఉంది. చివరికి కుర్రాడు బైకేసుకుని కొండాపూర్‌లో ఆయన ఇంటికి వెళ్లి కాలింగ్ బెల్ కొట్టాడు. "సార్, మీరు ఒక్కసారి ముంబైకి ఫోన్ చేయాలి" అని.

2:20కి అక్కడి టెక్నీషియన్ మా కేజ్ (మా ర్యాకులున్న తాళం వేసిన జాలీ గది) దగ్గరికి వచ్చాడు. మర్యాదగల మనిషి, ఆ రాత్రి అతను ఎంత ఓపిగ్గా ఉన్నాడో చెప్పలేను. కానీ అతని బండి మీద ఉన్నది మానిటర్, కీబోర్డ్. అవి సర్వర్లకు పనికొస్తాయి, స్విచ్‌కు దాని సీరియల్ పోర్టుకు నేరుగా పెట్టే కన్సోల్ కేబుల్ కావాలి. దాన్ని ఇంకో ఫ్లోర్ నుంచి వెతికి తెచ్చేసరికి 2:50. లాప్‌టాప్‌లో యూఎస్‌బీ సీరియల్ డ్రైవర్ లేదు. డ్రైవర్ ఎక్కించాక స్క్రీన్ మీద పిచ్చి అక్షరాలు. స్పీడ్ 115200 పెట్టాడు, మా స్విచ్ 9600 మీద ఉంది. అది సరిచేశాక 'స్టాండ్‌బై కన్సోల్ డిజేబుల్డ్' అని వచ్చింది. మా కోర్ రెండు స్విచ్‌ల జత, ఒకటే కాన్ఫిగరేషన్‌తో నడుస్తుంది, అతను స్టాండ్‌బైలో ఉన్నదానికి కేబుల్ పెట్టాడు. ఏది యాక్టివ్, ఏది స్టాండ్‌బై అని మేం ర్యాక్ మీద స్టిక్కర్ అంటించలేదు. అతనికెలా తెలుస్తుంది?

3:25కి యూజర్‌నేమ్ అడిగింది. లాగిన్లన్నీ టకాక్స్ సర్వర్ చూసుకుంటుంది, ఆ సర్వర్ అదే డేటా సెంటర్‌లో ఉంది, దాన్ని స్విచ్ చేరలేదు కాబట్టి లోకల్ పాస్‌వర్డ్ అడుగుతోంది. లోకల్ పాస్‌వర్డ్ పాస్‌వర్డ్ వాల్ట్‌లో ఉంది. పాస్‌వర్డ్ వాల్ట్ కూడా అదే డేటా సెంటర్‌లో ఒక వర్చువల్ మెషిన్. ఆ క్షణం నాకు గుండె జారిపోయింది, అబద్ధం చెప్పను. మా సీనియర్ ఒకరి పాత లాప్‌టాప్‌లో రెండేళ్ల కిందటి ఎన్‌క్రిప్టెడ్ ఫైల్ ఒకటి దొరికింది, అదృష్టం కొద్దీ ఈ రెండేళ్లలో ఎవరూ పాస్‌వర్డ్ మార్చలేదు. మార్చకపోవడం తప్పు, ఆ తప్పే ఆ రాత్రి మమ్మల్ని గట్టెక్కించింది.

పాస్‌వర్డ్ చెప్పాక, నేను ఫోన్లో ఒక్కో అక్షరం చదువుతుంటే అతను కొడుతూ, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతూ, వీల్యాన్ల జాబితా మొత్తం తిరిగి రాశాం. 4:31.

ఇంకో విషయం కూడా దాచకుండా చెప్పాలి. నేను మార్పును సేవ్ చేయలేదు. రెండు స్విచ్‌లకూ కరెంటు తీసి పెట్టి ఉంటే పాత కాన్ఫిగరేషన్‌తో లేచి పదిహేను ఇరవై నిమిషాల్లో అంతా తిరిగొచ్చేది. మేం ఆ మాట అనుకున్నాం కూడా. కానీ ముందు వారం చేసిన మార్పులు సేవ్ చేశామో లేదో ఎవరికీ గుర్తులేదు, పవర్ కేబుళ్ల మీద లేబుళ్లు లేవు, తప్పు ప్లగ్ పీకితే స్టోరేజ్ పడిపోతుందని భయం. ఆ భయం సరైనదే. రిమోట్‌గా ఒక్కో అవుట్‌లెట్‌ను ఆన్, ఆఫ్ చేసే పీడీయూ (ర్యాక్‌కు కరెంటు పంచే పెద్ద పవర్ స్ట్రిప్) ఉండి, ఏ అవుట్‌లెట్ ఏ పరికరానిదో రాసి ఉంటే ఆ భయమే ఉండేది కాదు.

పెద్దవాళ్లకూ ఇదే జరిగింది

మర్నాడు నేను చేసిన మొదటి పని, పాత పెద్ద ప్రమాదాల రిపోర్టులు మళ్లీ చదవడం. 2021 అక్టోబర్ 4 రాత్రి మనందరి ఫోన్లలో వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఆగిపోయాయి, గుర్తుండే ఉంటుంది, దాదాపు ఆరు గంటలు. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ ఫేస్‌బుక్ బ్యాక్‌బోన్ (డేటా సెంటర్లను కలిపే సొంత నెట్‌వర్క్) లింకులన్నిటినీ పడగొట్టింది. అలాంటి కమాండ్‌ను ఆపాల్సిన ఆడిట్ టూల్‌లో బగ్ ఉండి ఆపలేదు. డేటా సెంటర్లతో సంబంధం తెగేసరికి వాళ్ల డీఎన్‌ఎస్ సర్వర్లు (వెబ్‌సైట్ పేరుకు అడ్రస్ చెప్పేవి) తమ బీజీపీ ప్రకటనలను (తమను చేరే దారి ఇదీ అని మిగతా ఇంటర్నెట్‌కు చెప్పేవి) వాటంతట అవే వెనక్కి తీసుకున్నాయి. తర్వాత కంపెనీ రాసిన వివరణలో నన్ను ఆపేసిన వాక్యం, మామూలు దారితో పాటు అవుట్-ఆఫ్-బ్యాండ్ దారి కూడా పడిపోయిందని, అందుకే ఇంజనీర్లను మనుషులుగా డేటా సెంటర్లకు పంపామని. డీఎన్‌ఎస్ లేక లోపలి టూల్స్ చాలా పనిచేయలేదు. వెళ్లినవాళ్లకు కూడా గట్టి సెక్యూరిటీ దాటి లోపలికి చేరి పరికరాల మీద పని మొదలుపెట్టడానికి టైం పట్టింది.

2022 జూలై 8న కెనడాలో రోజర్స్ నెట్‌వర్క్ పడిపోయింది, కోటీ ఇరవై లక్షల మందికి పైగా కస్టమర్లకు సర్వీస్ పోయింది. కోర్ అప్‌గ్రేడ్‌లో ఒక రూటింగ్ ఫిల్టర్ తీసేయడంతో రూట్లు (దారుల వివరాలు) వరదలా వచ్చి కోర్ రూటర్లను ముంచేశాయి. వాళ్ల మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ ఆ కోర్ మీదే ఆధారపడి ఉంది. ఇంజనీర్ల ఫోన్లు కూడా అదే నెట్‌వర్క్‌వి, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వేరే కంపెనీల సిమ్‌లు పంపాల్సి వచ్చింది. 2023 నవంబర్ 8న ఆస్ట్రేలియాలో ఆప్టస్‌కు కూడా ఇలాంటిదే, దాదాపు 90 రూటర్లు తమను తాము నెట్‌వర్క్ నుంచి వేరు చేసుకుంటే, చాలా చోట్ల మనుషులు వెళ్లి తిరిగి లేపాల్సి వచ్చింది.

అంత డబ్బు, అంత మంది ఇంజనీర్లు ఉన్నవాళ్ల దగ్గర కూడా జరిగిందంటే మూలం డబ్బు కాదు. రెండో దారి మొదటి దారి మీద ఎక్కడెక్కడ ఆనుకుని ఉందో కూర్చుని వెతకకపోవడమే. మేం వెతికితే మాకు కేబుల్ ఒక్కటే కాదు, పేరు (డీఎన్‌ఎస్), లాగిన్, పాస్‌వర్డ్, పవర్, చివరికి నోట్స్ రాసుకున్న వికీ కూడా అదే భవనంలో, అదే కోర్ వెనకాల కనిపించాయి.

కట్టుకున్నది

పరికరాల జాబితా చిన్నదే. 48 సీరియల్ పోర్టుల కన్సోల్ సర్వర్ ఒకటి, దాని వెనక చిన్న ఫైర్‌వాల్, మేనేజ్‌మెంట్ స్విచ్ (పాతదే, కోర్‌కు వెళ్లే కేబుల్ పీకేసి), ఒక ఎల్‌టీఈ రూటర్ (మొబైల్ సిమ్ మీద నడిచేది), అవుట్‌లెట్‌లు రిమోట్‌గా తిప్పగలిగే రెండు పీడీయూలు. దీనికైన ఖర్చు మా ఇద్దరు ఇంజనీర్ల నెల జీతాల కన్నా తక్కువే, కన్సోల్ సర్వర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం కాబట్టి.

కన్సోల్ సర్వర్ నుంచి ప్రతి స్విచ్, ఫైర్‌వాల్, స్టోరేజ్ కంట్రోలర్ సీరియల్ పోర్టుకూ ఒక కేబుల్. ఇది చాలా పాత పద్ధతి, చాలామంది కుర్రాళ్లు "ఇంకా సీరియలా అక్కా" అంటారు. కానీ మేనేజ్‌మెంట్ ఈథర్నెట్ పోర్ట్ పనిచేయాలంటే స్విచ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ లేవాలి, ఐపీ ఉండాలి, కాన్ఫిగరేషన్ సరిగ్గా ఉండాలి. సీరియల్ కన్సోల్‌కు అవేమీ అక్కర్లేదు, బూట్‌లోడర్ (ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రాం) దగ్గర ఆగిపోయిన స్విచ్ కూడా కన్సోల్‌లో మాట్లాడుతుంది. రెండూ ఉండాలి. ఒకటే పెట్టగలిగితే నేను సీరియల్‌నే ఎంచుకుంటాను.

కేబుళ్ల దగ్గర జాగ్రత్త. సిస్కో నీలం రంగు రోల్‌ఓవర్ కేబుల్‌లో ఒకటో పిన్ను ఎనిమిదికి, రెండోది ఏడుకు, అలా తిరగేసి ఉంటాయి. కొన్ని కన్సోల్ సర్వర్లలో మామూలు స్ట్రెయిట్ కేబుల్ వేస్తే చాలు, పిన్‌అవుట్ లోపలే తిప్పి ఉంటుంది, కొన్నిట్లో రోల్‌ఓవరే కావాలి. మేం కొన్న సెకండ్ హ్యాండ్ బాక్స్ ఏ రకమో చూసుకోకుండా 30 కేబుళ్లు తయారు చేయించి, మళ్లీ అన్నీ చేయించాం.

ఇంకోటి, 9600 స్పీడ్ అంటే సెకనుకు దాదాపు 960 అక్షరాలు. కాన్ఫిగరేషన్ చూసుకోవడానికి చాలు. కానీ స్విచ్ ఫర్మ్‌వేర్ ఫైల్ 1 జీబీ ఉంటే దాన్ని కన్సోల్ మీదుగా ఎక్కించడానికి పన్నెండు రోజులు పడుతుంది, లెక్క వేసుకోండి. అందుకే ప్రతి స్విచ్ ఫ్లాష్‌లో పాత పనిచేసే ఇమేజ్ తప్పకుండా ఉంచుతాం, మేనేజ్‌మెంట్ స్విచ్ మీదే ఒక చిన్న ఫైల్ సర్వర్ పెట్టి ఇమేజ్‌లన్నీ అందులో దాస్తాం.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు తినేసింది ఎల్‌టీఈ. డేటా హాల్ అంటే కాంక్రీటు, ఇనుప ర్యాకులు, ఇనుప తలుపులు. ర్యాక్‌లో మోడెమ్ పెడితే సిగ్నల్ మైనస్ 118 డీబీఎం (సున్నాకు దగ్గరయ్యేకొద్దీ సిగ్నల్ బలం), కనెక్షన్ వస్తూ పోతూ ఉంది. పొడుగాటి సన్నని యాంటెన్నా కేబుల్ వేసి చూశాం, వచ్చిన కాస్త సిగ్నల్‌ను ఆ కేబులే మింగేసింది. చివరికి సరైన దారి ఏమిటంటే యాంటెన్నాను జరపడం కాదు, మోడెమ్‌నే జరపడం. డేటా సెంటర్ వాళ్ల అనుమతితో కిటికీ ఉన్న టెలికాం గదిలో ఎల్‌టీఈ రూటర్ పెట్టి, అక్కడి నుంచి మా కేజ్ దాకా ఈథర్నెట్ కేబుల్ లాగి, దాని మీదే కరెంటు కూడా ఇచ్చాం. అనుమతికి ఆరు వారాలు, పనికి రెండు గంటలు. సిగ్నల్ మైనస్ 92కు వచ్చింది.

సిమ్ సంగతి కూడా చెప్పాలి. మామూలు సిమ్‌కు మన దేశంలో పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్ రాదు, ఆపరేటర్ వేలమందిని ఒకే అడ్రస్ వెనక ఉంచుతాడు, కాబట్టి బయట నుంచి ఆ మోడెమ్‌కు కనెక్ట్ అవ్వలేం. కంపెనీ పేరు మీద ప్రైవేట్ ఏపీఎన్‌తో (ఆపరేటర్ నెట్‌వర్క్‌లో మనకే విడిగా ఇచ్చే డేటా దారి), 13 అంకెల నంబర్లుండే ఎం2ఎం (యంత్రాల కోసం ఇచ్చే) సిమ్ తీసుకోవచ్చు, అది మంచిదే, కాగితాల పని ఎక్కువ. మేం వేరే విధంగా వెళ్లాం. బయటి నుంచి లోపలికి ఫోన్ చేయడం కాదు, లోపలున్న బాక్సే బయటికి ఫోన్ చేస్తుంది. ఎల్‌టీఈ వెనకున్న ఫైర్‌వాల్ నుంచి వైర్‌గార్డ్ టన్నెల్ (ఒక రకం వీపీఎన్) బయటికి వెళ్లి, క్లౌడ్‌లో హైదరాబాద్ రీజియన్‌లో ఉన్న చిన్న వర్చువల్ మెషిన్‌కు కలుస్తుంది, 25 సెకన్లకొకసారి పలకరిస్తూ దారి తెరిచి ఉంచుతుంది. రెండో టన్నెల్ ఇంకో క్లౌడ్ కంపెనీ దగ్గరికి. రెండిటికీ పేరు కాకుండా నేరుగా ఐపీ అడ్రస్ రాశాం, డీఎన్‌ఎస్ పోతే టన్నెల్ పోకూడదని.

సిమ్ ఏ ఆపరేటర్‌ది అన్నది కూడా ముఖ్యమే. మా మెయిన్ ఫైబర్ లింక్ ఏ కంపెనీదో మొదట తెచ్చిన సిమ్ కూడా ఆ కంపెనీదే. రోజర్స్ రిపోర్టు చదివాక దాన్ని మార్చేశాం. ప్రీపెయిడ్ సిమ్ వద్దే వద్దు, రీఛార్జ్ మర్చిపోతే అవసరమైన రోజున ఆగిపోయి ఉంటుంది.

పవర్ విషయంలో ఒక హెచ్చరిక. కన్సోల్ సర్వర్‌కు రెండు పవర్ సప్లైలు, 'ఏ' ఫీడ్ మీద ఒకటి, 'బీ' ఫీడ్ మీద ఒకటి (ఫీడ్ అంటే డేటా సెంటర్ విడివిడిగా ఇచ్చే కరెంటు లైను). కానీ చిన్న ఫైర్‌వాల్‌కు, మేనేజ్‌మెంట్ స్విచ్‌కు ఒక్కొక్కటే. వాటిని రెండు ఫీడ్ల మధ్య మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్ మీద పెట్టాం, రిమోట్ పీడీయూ మీద మాత్రం పెట్టలేదు. అలా పెడితే ఏదో ఒక రాత్రి తప్పు అవుట్‌లెట్ ఆఫ్ చేసి కూర్చున్న కొమ్మను నరుక్కుంటాం.

ఇక సెక్యూరిటీ. కన్సోల్ సర్వర్ అంటే మొత్తం డేటా సెంటర్ తాళంచెవుల గుత్తి. ఎవరైనా స్విచ్ కన్సోల్‌లో లాగిన్ అయి లాగౌట్ చేయకుండా వెళ్లిపోతే, తర్వాత ఆ పోర్టుకు వచ్చినవాడికి నేరుగా అడ్మిన్ ప్రాంప్ట్ దొరుకుతుంది. అందుకే ప్రతి కన్సోల్ లైన్ మీద ఐదు నిమిషాల టైమౌట్. సర్వర్ల ఐడ్రాక్, ఐఎల్ఓల్లాంటివి ఇంటర్నెట్‌కు ఎప్పుడూ ఎదురుగా ఉండకూడదు, అవి వాడే ఐపీఎంఐ 2.0 ప్రొటోకాల్‌లో లాగిన్ కాకముందే పాస్‌వర్డ్ హాష్ (పాస్‌వర్డ్‌ను ఊహించి సరిచూసుకోవడానికి పనికొచ్చే గుర్తు) బయటికిచ్చే బలహీనత 2013 నుంచీ అందరికీ తెలుసు, అది ప్రొటోకాల్‌లోనే ఉంది కాబట్టి ప్యాచ్‌తో పోదు. వాటిని వేరే వీల్యాన్‌లో పెట్టి, టన్నెల్ నుంచి వచ్చినవాళ్లకు మాత్రమే, అదీ పేరు పేరునా తెరిచాం. ఎవరి వైర్‌గార్డ్ కీ వాళ్లదే. కన్సోల్ మీద వచ్చే ప్రతి అక్షరం లాగ్ అవుతుంది, దీనికి నేను ఊహించని లాభం ఒకటి ఉంది, స్విచ్ క్రాష్ అయినప్పుడు చచ్చే ముందు అది చెప్పిన ఆఖరి మాటలు దొరుకుతాయి, వెండర్ సపోర్ట్ వాళ్లకు అదే సాక్ష్యం.

మా హైదరాబాద్ డీఆర్ సైట్‌లో (ముంబై పడిపోతే వాడుకోవడానికి పెట్టుకున్న రెండో చోటు) రెండు స్విచ్‌లు, ఒక ఫైర్‌వాలే. అక్కడ రాస్ప్‌బెర్రీ పై, యూఎస్‌బీ సీరియల్ కేబుళ్లు, సెర్2నెట్ అన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడిపిస్తున్నాం. చిన్నవాళ్లకు ఇది బాగానే సరిపోతుంది. ఒక్క ప్రమాదం, రీబూట్ అయితే యూఎస్‌బీ పోర్టుల నంబర్లు అటూ ఇటూ మారిపోతాయి, ఒక స్విచ్ అనుకుని ఇంకో స్విచ్‌లో కమాండ్ కొడతారు. ప్రతి కేబుల్ సీరియల్ నంబరును బట్టి పేరు స్థిరపరచుకోండి. ఎస్‌డీ కార్డులు కూడా చెప్పకుండా చచ్చిపోతాయి, ఒకటి స్పేర్ రాసి పక్కన పెట్టుకోండి.

మొదటి డ్రిల్ ఫెయిల్

అంతా అయ్యాక మేనేజర్‌ను అడిగాను, "సార్, ఒక ఆదివారం రాత్రి మెయిన్ లింకులు రెండూ మనమే కావాలని ఆపేద్దాం." ఆయన ఒప్పుకోవడానికి నెల పట్టింది. కస్టమర్లకు ముందే చెప్పి, ట్రాఫిక్ మొత్తం డీఆర్‌కు మార్చి, ముంబైలో రిమోట్ హ్యాండ్స్ మనిషిని ర్యాక్ దగ్గరే కూర్చోబెట్టి, ఫైర్‌వాల్ నుంచి బయటికి వెళ్లే రెండు లింకులూ కిందికి దించాం.

లోపలికి వెళ్లలేకపోయాం.

క్లౌడ్‌లో ఉన్న వర్చువల్ మెషిన్‌కు లాగిన్ కావాలంటే మా కంపెనీ సింగిల్ సైన్ ఆన్ (అన్నిటికీ ఒకటే లాగిన్ ఇచ్చే సిస్టమ్) అడిగింది. అది మేం ఆపేసిన లింకుల వెనకే ఉంది, డీఆర్‌కు మార్చిన వాటిలో అది లేదు. ఎవరో మంచి ఉద్దేశంతోనే అలా కలిపారు. ఎస్‌ఎస్‌హెచ్ కీతో వెళ్లే దారి కుర్రాడి దగ్గర ఉంది కాబట్టి అది దాటాం. తర్వాత టన్నెల్ కిందికి పడి ఉంది. ఎందుకంటే కన్సోల్ సర్వర్ పక్కనున్న చిన్న ఫైర్‌వాల్‌కు మేం బయటికి రెండు దారులు ఇచ్చాం, మొదట డేటా సెంటర్ ఇంటర్నెట్, అది పోతే ఎల్‌టీఈ. అది పోయిందని ఎలా తెలుసుకుంటోంది? పోర్టు లైట్ వెలుగుతోందా లేదా అని. లైట్ వెలుగుతూనే ఉంది, అవతల స్విచ్‌కు కరెంటుంది కదా, దాని వెనక ఇంటర్నెట్ మాత్రం లేదు. ఎల్‌టీఈకి మారలేదు. దూరాన ఉన్న రెండు అడ్రస్‌లకు పింగ్ కొట్టి, రెండూ పలకకపోతే మారాలి అని తర్వాత మార్చాం. అసలు మొదటి దారే ఎందుకు అని కూడా ఆలోచించి, ఇప్పుడు రెండు టన్నెళ్లూ ఎప్పుడూ ఎల్‌టీఈ మీదే, రోజూ దాన్నే వాడుతున్నాం. రోజూ వాడేది చెడిపోతే ఆ రోజే తెలుస్తుంది.

ర్యాక్ దగ్గర మనిషి ఆ కేబుల్ పీకితే అప్పుడు ఎల్‌టీఈకి మారింది. కన్సోల్ సర్వర్ లాగిన్ వచ్చింది, పాస్‌వర్డ్ కొడితే కనెక్షన్ తెగిపోతోంది. మూడుసార్లు అలాగే. కన్సోల్ సర్వర్ కూడా మొదట టకాక్స్ సర్వర్లనే అడుగుతోంది, మూడు సర్వర్లు, ఒక్కోదానికి ఇరవై సెకన్లు ఎదురుచూపు, ఈలోపు మా వైపు సెషన్ టైమౌట్. లోకల్ యూజర్ దాకా రావడమే లేదు. టైమౌట్ రెండు సెకన్లకు తగ్గించాం, బ్రేక్ గ్లాస్ యూజర్‌కు (అత్యవసరంలో మాత్రమే వాడే లోకల్ లాగిన్) టకాక్స్ అడగనే అడగకుండా చేశాం. దాని పాస్‌వర్డ్ సీల్ వేసిన కవర్లలో, ఒకటి ఆఫీసు లాకర్‌లో, ఒకటి మేనేజర్ ఇంట్లో, ఒకటి నా దగ్గర. ప్రతి మూడు నెలలకూ మారుస్తాం, పాత కవర్లు చింపేస్తాం.

ఈ మూడు లోపాల్లో ఒక్కటి కూడా డయాగ్రామ్ చూస్తే కనపడదు. రివ్యూలో నలుగురం కూర్చుని చూశాం, కనపడలేదు. కేబుల్ పీకితేనే బయటపడ్డాయి. రెండో డ్రిల్‌లో 6 నిమిషాల్లో కోర్ స్విచ్ కన్సోల్‌లో ఉన్నాం.

పండక్కి ఊళ్లో

ఆ తర్వాత సంక్రాంతికి నేను భీమవరం దగ్గర మా ఊళ్లో ఉన్నాను. కనుమ ముందు రాత్రి, ట్రాఫిక్ తక్కువని టీం ఒక ర్యాక్ స్విచ్ సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ పెట్టుకుంది. 11:40కి ఫోన్. "అక్కా, రీబూట్ అయ్యాక లేవలేదు." పెరట్లో మంచం మీద కూర్చుని, ఫోన్ హాట్‌స్పాట్‌కు లాప్‌టాప్ కలిపి, టన్నెల్ ఎక్కి ఆ స్విచ్ కన్సోల్ పోర్ట్ తెరిచాను. 'స్విచ్' అని, పక్కన కోలన్ గుర్తు. బూట్‌లోడర్ ప్రాంప్ట్. కన్సోల్ లాగ్ వెనక్కి చూస్తే ఏ ఫైల్‌తో లేవాలో చెప్పే బూట్ వేరియబుల్, ఫ్లాష్‌లో లేనే లేని ఫైల్‌ను చూపిస్తోంది, అప్‌గ్రేడ్ స్టెప్పుల్లో ఫైల్ పేరులో ఒక అంకె తప్పు పడింది. పాత ఇమేజ్ ఫ్లాష్‌లో ఉంది, దాని పేరిచ్చి బూట్ అన్నాను. స్విచ్ లేస్తుంటే ఆ లైన్లు ఒక్కోటి స్క్రీన్ మీద పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. 12:05కి పోర్టులన్నీ పచ్చగా వచ్చాయి. ఆ ర్యాక్‌లో సర్వర్లకు రెండో స్విచ్ కూడా ఉంది కాబట్టి ఏ ఫార్మసీలోనూ బిల్లు ఆగలేదు.

పాత రోజుల్లో అయితే ఆ స్విచ్ కోసం మళ్లీ రిమోట్ హ్యాండ్స్ టికెట్, కేబుల్, డ్రైవర్, ఫొటోలు. పండగ రాత్రి ముంబైలో అక్కడా మనుషులు తక్కువే ఉంటారు.

కమాండ్ల అలవాట్లు కూడా మార్చుకున్నాం. రిమోట్‌గా ఏ మార్పు చేసినా ముందు 'రీలోడ్ ఇన్ 10' పెడతాం, కనెక్షన్ తెగితే పది నిమిషాల్లో స్విచ్ తనంతట తాను పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది, బాగుంటే క్యాన్సిల్ చేస్తాం. దానికి ముందు సేవ్ చేసి ఉండాలి, ఆ పట్టింపు ఇప్పుడు ఉంది. ఇంకో స్విచ్‌ల కంపెనీ జూనిపర్ వాళ్లకు 'కమిట్ కన్‌ఫర్మ్‌డ్' అని ఇంకా మంచిది ఉంది, రీబూట్ లేకుండానే వెనక్కి వెళ్తుంది. ఇవి ఉన్నాయి కదా అవుట్-ఆఫ్-బ్యాండ్ ఎందుకు అని ఒక మీటింగ్‌లో అడిగారు. హార్డ్‌వేర్ పోయినప్పుడు, బూట్‌లోడర్ దగ్గర ఆగినప్పుడు, ఫైబర్ తెగినప్పుడు ఆ కమాండ్లు ఏం చేస్తాయి అని అడిగాను.

ఇంకా మిగిలిన పని ఉంది. ఎల్‌టీఈ ఒక్కటే ఆపరేటర్ మీద ఉంది. ఆ టవర్ నుంచి వెనక్కి వెళ్లే ఫైబర్, మా మెయిన్ లింక్ ఫైబర్ ఒకే రోడ్డు కింద పోతున్నాయేమో ఆపరేటర్ నుంచి రాతపూర్వకంగా అడిగాం. రెండో సిమ్ స్లాట్‌లో వేరే ఆపరేటర్ సిమ్ వేస్తున్నాం. డేటా సెంటర్ అధికార జాబితాలో ఇప్పుడు ఐదు పేర్లున్నాయి, ఎవరు మానేసినా ఆ రోజే తీసే పని హెచ్‌ఆర్ చెక్‌లిస్ట్‌లో చేర్చాం. కోర్ స్విచ్‌ల మీద యాక్టివ్, స్టాండ్‌బై అని స్టిక్కర్లు పెట్టాం, కానీ ఫెయిలోవర్ అయితే (యాక్టివ్ పడిపోయి స్టాండ్‌బై పని అందుకుంటే) అవి తారుమారవుతాయి కదా అని కుర్రాడు అడిగాడు. నిజమే. స్టిక్కర్లు పీకేసి స్విచ్ 1, స్విచ్ 2 అని అంటించాం. వచ్చే డ్రిల్ అతనే నడుపుతాడు, ఏ కేబుల్ పీకుతాడో నాకు చెప్పడట.